పాలు మానిన బిడ్డ

తెలుగులో 'పాలు మాను', 'పాలు మాన్పించు' అని రెండు ప్రయోగాలున్నాయి. మొదటిదానికి బిడ్డ కర్త, రెండవదానికి తల్లి కర్త. వైద్యగ్రంథాలలోనూ, ఆచారాలలోనూ, ప్రభుత్వ నివేదికలలోనూ వినిపించేది దాదాపుగా రెండవదే. 'అడగందే అమ్మైనా పెట్టదు' అన్న సామెత సైతం బిడ్డ అడుగుతూనే ఉంటాడన్న నమ్మకం మీద నిలిచినదే. ఎనిమిదవ నెలలోనో, తొమ్మిదవ నెలలోనో బిడ్డ తనంతట తానుగా రొమ్ము నుంచి ముఖం తిప్పుకుంటే ఏమి చేయాలన్న ప్రశ్నకు పూర్వుల రచనలలో సమాధానం అరుదు. సొంత ఊరిలో, పెద్దల నడుమ, ఈ కొరత అంతగా బాధించలేదు. బతుకుతెరువుకై వందల మైళ్లు తరలిపోయిన నేతకుటుంబాలలో మాత్రం అది బిడ్డ ప్రాణానికి సంబంధించిన విషయంగా మారింది. సూరత్ నగరానికి ఆగ్నేయంగా, లింబాయత్‌ను ఆనుకొని ఉన్న గోడాదరా అటువంటి కుటుంబాలు స్థిరపడిన ప్రాంతాలలో ఒకటి.

ముందుగా ఆ కుటుంబాలు వెంట తెచ్చుకున్న సంప్రదాయాన్ని పరిశీలించాలి. చనుబాలు తాగే శిశువుకు తెలుగువారు పెట్టిన పేరు 'చంటిబిడ్డ'. ఆ పేరే చన్ను నుంచి పుట్టింది. చంటితనం ఒక్కనాటితో ముగిసేది కాదు. మగబిడ్డకు ఆరవ నెలలో, ఆడబిడ్డకు ఐదు, ఏడు వంటి బేసి నెలలలో అన్నప్రాశన జరిపి పరమాన్నం నాలుకకు తాకిస్తారు. పుస్తకం, కలం, బంగారం, కత్తి ముందుంచి బిడ్డ దేనిని పట్టుకుంటాడో చూసి సంబరపడతారు. అయినా పాలు ఆగవు. బియ్యం, పప్పులు వేయించి, విసరి, పొడి చేసి కాచిన ఉగ్గు క్రమంగా పాలకు తోడవుతుంది. చిన్న ముక్కు కలిగిన ఉగ్గుగిన్నె ప్రతి ఇంటా ఉండవలసిన వస్తువు. ఏ విద్యనైనా పసితనం నుంచే అలవరచుకున్నవారిని ఉగ్గుపాలతో నేర్చారని నేటికీ అంటారు. రెండేళ్లు నిండినా మానని బిడ్డకు చనుమొనల మీద వేపాకు ముద్ద పూయడం చివరి ఉపాయం. ఆ ఉపాయమంతా మానని బిడ్డకే. తానుగా మానిన బిడ్డకు ఇంటి పెద్దామె చూపే తప్ప వేరే విధానం లేదు.

శాస్త్రగ్రంథాల దృష్టి కూడా ఇంతే. ఆరవ నెలలో తేలికైన హితాహారం పెట్టాలని సుశ్రుతుడు చెప్పాడు. నేపాలులో లభించిన తాళపత్ర ప్రతి ఆధారంగా 1938లో ముద్రణ పొందిన కాశ్యప సంహిత ఆరవ నెలలో పండ్లరసమూ, పదవ నెలలో అన్నమూ విధించింది. వాగ్భటుడు మరొక అడుగు ముందుకు వేశాడు. దంతాలు వచ్చిన శిశువును రొమ్ము నుంచి క్రమంగా తప్పించాలని చెప్పి, పాలు మానిన బిడ్డకు సారపప్పు, అతిమధురం, తేనె, పేలాలు, చక్కెర కలిపిన లడ్డూను సూచించాడు. (ఏడాది నిండని శిశువుకు తేనె తగదని నేటి వైద్యం హెచ్చరిస్తున్నది.) 'క్రమంగా' అన్న మాటలోనే ఆ వైద్యుడి అనుభవమంతా ఉన్నది. అకస్మాత్తుగా జరిగే మార్పును ఆయన మేలుగా భావించలేదు.

తల్లి చేతిపని బిడ్డ పాలకు అడ్డువచ్చిన ఘట్టం తెలుగువారికి సుపరిచితమే. భాగవత దశమస్కంధంలో యశోద కృష్ణునికి పాలిస్తుండగా పొయ్యి మీది పాలు పొంగుతాయి. ఆమె బిడ్డను దించి పరుగెత్తుతుంది. అలిగిన బాలుడు కుండ పగులగొడతాడు. దానిని తెలుగు చేసిన పోతన బమ్మెర గ్రామవాసి అని ప్రతీతి. సూరత్‌కు నేతగాండ్రను పంపిన ఉమ్మడి వరంగల్లు జిల్లాలోనిదే ఆ గ్రామం. యశోదకు ఆ పని క్షణకాలమే. మగ్గం ఇంటి తల్లికి పని రోజంతా ఉండేది. అయితే గుంటమగ్గం ఇంటిలోనే ఉండేది. భర్త నేస్తుండగా ఆమె కండెలు చుట్టేది. బిడ్డ ఏడిస్తే రాట్నం ఆపి ఒడిలోకి తీసుకొనేది. పని వేగాన్ని కొంతవరకైనా ఇల్లే నిర్ణయించేది.

చేనేత క్షీణించిన కొద్దీ వరంగల్లు, నల్లగొండ, కరీంనగర్ ప్రాంతాల పద్మశాలీలు షోలాపూర్, బొంబాయి, భివండి మీదుగానూ, నేరుగానూ పడమటి దిక్కుకు తరలారు. 1982 బొంబాయి మిల్లు సమ్మె తరువాత వస్త్రోత్పత్తి మరమగ్గాల కేంద్రాలకు మరింతగా మళ్లింది. కృత్రిమ పట్టుకు పేరుపొందిన సూరత్ అటువంటి కేంద్రాలలో అగ్రగణ్యం. తెలుగువారి సంఖ్య ఎంతగా పెరిగిందంటే, నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ ప్రాథమిక పాఠశాలలు నెలకొల్పింది. పురుషుడు మరమగ్గాల షెడ్డులో పన్నెండు గంటల పాళీకి పోతాడు. స్త్రీ ఇంటివద్ద చీరలకు దారపు కొసలు కత్తిరించడం, అంచులు, చమ్కీలు కుట్టడం వంటి పనులను చీరకింత చొప్పున కూలికి చేస్తుంది. తల్లి ఇంటిలోనే ఉన్నది కనుక బిడ్డకు లోటు లేదని పైవారికి తోస్తుంది. చీరల లెక్క మీద కూలి ముట్టే చోట పాలివ్వడానికి పట్టే సమయం కూలి నుంచే తరుగుతుందన్న సంగతి ఏ నివేదికలోనూ సులభంగా కనబడదు. ఉగ్గు కాచి, బిడ్డ తీరు గమనించే నాయనమ్మ, అమ్మమ్మ తరచుగా స్వగ్రామంలోనే ఉండిపోతారు.

శ్రామిక మాత పాలు చరిత్రలో చట్టానికి విషయమైనది ఈ ప్రాంతంలోనే. బొంబాయి మిల్లులకు పోయే తల్లులు పసివారికి నల్లమందు గోళీలు పెట్టి పడుకోబెట్టిన సంగతి 1920ల నాటి విచారణలలో నమోదైంది. నల్లమందు మత్తులో ఉన్న బిడ్డ పాలు అడగడు. అడగకపోవడాన్ని నెమ్మదితనమని ఎంచడం అప్పటికే అలవాటైంది. 1929లో బొంబాయి రాష్ట్రం దేశంలోనే మొదటి ప్రసూతి సౌకర్య చట్టాన్ని చేసింది. 1961 నాటి కేంద్ర చట్టం, బిడ్డకు పదిహేను నెలలు నిండే వరకు పాలివ్వడానికి రోజుకు రెండు విరామాలను హక్కుగా ఇచ్చింది. 2020 సామాజిక భద్రతా స్మృతిలోనూ ఆ నిబంధన చేరింది. విరామం ఇవ్వవలసిన యజమాని ఎవరో తేలని ఇంటి కూలిపనికి ఆ హక్కు అందలేదు.

ఇంతలో పాలసీసా వచ్చింది. సూరత్ జిల్లా పాల సహకార సంఘం 'సుముల్' 1951లో ఏర్పడింది. గేదెపాలతో శిశు ఆహారం తయారుచేయడాన్ని మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ సాధించగా, 1960 ప్రాంతంలో ఆణందులోని అమూల్ దానిని విపణికి తెచ్చింది. విదేశీ డబ్బాల మీద ఆధారపడిన దేశానికి అది గర్వించదగిన విజయమే. పేదల గదిలో మాత్రం పాలపొడికి నీరు ఎక్కువ, సీసాకు శుభ్రత తక్కువ. పైగా సీసా పీక నుంచి పాలు శ్రమలేకుండా జారుతాయి. ఆ సులువు మరిగిన బిడ్డ రొమ్మును తోసివేస్తాడు. అలా సీసా మొదట సాయంగా వచ్చి, తరువాత తల్లిపాలకు బదులుగా నిలిచిపోతుంది. బిడ్డే మానాడని ఇంట్లో చెప్పుకుంటారు. 1981లో ప్రపంచ ఆరోగ్య సభ ఆమోదించిన నియమావళిని అనుసరించి భారతదేశం 1992లో శిశు పాల ప్రత్యామ్నాయాల చట్టం చేసింది. 2003 సవరణ దానిని రెండేళ్ల వయస్సు వరకు పెట్టే ఆహారాలకు విస్తరించింది. ప్రకటనలు ఆగాయి; సీసా అమ్మకం ఆగలేదు.

పాలు ముందుగా మానితే ఏమవుతుందన్న దానికి 1930లలో ఆఫ్రికాలోని గోల్డ్‌కోస్టులో సిసిలీ విలియమ్స్ సమాధానం కనుగొన్నది. క్వాషియోర్కర్ అన్న స్థానిక నామానికి, తరువాతి బిడ్డ పుట్టినప్పుడు పెద్దబిడ్డకు వచ్చే జబ్బు అని అర్థం. ఇదే వ్యాధి భారతదేశంలోనూ ఉన్నదని నిర్ధారించినవారిలో సి. గోపాలన్ ముఖ్యులు. తిండి చాలని పేదతల్లి సైతం నెలల తరబడి తగినన్ని పాలివ్వగలదని 1950లలో ఆయన బృందం చేసిన పరిశోధన, పాలు 'ఎండిపోయాయి' అన్న మాటను సులభంగా నమ్మరాదని తెలిపింది. 1958లో కూనూరు నుంచి హైదరాబాదుకు తరలిన ఆ సంస్థే నేటి జాతీయ పోషకాహార సంస్థ. 'హైదరాబాద్ మిక్స్' పేరిట అది రూపొందించిన పిండిలో గోధుమ 40 గ్రాములు, శనగపప్పు 16, వేరుశనగ 10, బెల్లం 20. వేయించి, విసరి, పొడి చేసిన ఈ పిండి ఉగ్గుకు ప్రయోగశాల రూపమే.

ఏడాది లోపు బిడ్డ అకస్మాత్తుగా రొమ్మును నిరాకరిస్తే దానిని పాలు మానడంగా పరిగణించరాదన్నది నేటి వైద్యుల అభిప్రాయం. దంతాలు వస్తుండడం, చెవిపోటు, జలుబుతో ముక్కు మూసుకుపోవడం, తల్లి ఒంటి వాసనలో మార్పు, ఎడబాటు, తల్లి మళ్లీ గర్భం దాల్చి పాలు తగ్గడం, లేదా చుట్టూ ఉన్న సందడి మీదికి దృష్టి మళ్లడం ఇందుకు కారణాలు. ఇవి చాలావరకు కొద్దిరోజులలో సర్దుకుంటాయి. రెండేళ్లకు దగ్గరైన బిడ్డ మెల్లమెల్లగా మానడం వేరు; భారతదేశంలో తల్లిపాల మధ్యస్థ కాలం రెండేళ్లకు పైనేనని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చూపాయి. ఈ రెండింటినీ వేరుచేసి చెప్పగల మనిషి ఇంటిలో ఉన్నారా లేరా అన్నదే గోడాదరా వంటి వలసవాడలలో అసలు ప్రశ్న. అంగన్‌వాడీ కార్యకర్త ఆ స్థానంలో నిలవవలసి ఉంటుంది. అందుకు ఆమె తల్లి భాషలో మాట్లాడగలగాలి.

బిడ్డ నిరాకరించిన రోజులలో పాలు పిండి, సీసాకు బదులు గిన్నెతో పట్టించమని వైద్యులు చెబుతారు. దక్షిణాది ఆసుపత్రులలో నెలలు నిండని శిశువులకు పాలు పట్టడానికి ముక్కు కలిగిన చిన్న గిన్నెను వాడతారు. 1990లలో వైద్యులు దానిని సీసాతోనూ, మామూలు గిన్నెతోనూ పోల్చి పరీక్షించారు. తమిళులు దానిని పాలాడై అంటారు. తెలుగునాట అది ఉగ్గుగిన్నె.