ఆజ్ఞ తాండూరు దాకా వచ్చింది, లెక్క రాలేదు

బొంబాయి నుంచి హైదరాబాదుకు రైలు దారి 1874 నుంచీ వాడి, తాండూరు, వికారాబాద్ మీదుగానే. 1896లో బొంబాయిలో ప్లేగు బయటపడి జనం రైళ్లెక్కి పారిపోతున్నప్పుడు ఈ దారి మీద ఉన్న ఊళ్లకు నిజంగా కావలసింది సమాచారం. బ్రిటిష్ ప్రభుత్వం 1897 ఫిబ్రవరిలో తెచ్చింది మాత్రం అంటువ్యాధుల చట్టం. ఉన్నవి నాలుగే సెక్షన్లు. బహిరంగ ప్రకటనతో నియమాలు పెట్టవచ్చు, వాటిని మీరితే శిక్ష, సదుద్దేశంతో పనిచేసిన అధికారి మీద దావా చెల్లదు. రోగం ఎక్కడుందో, ఎందరు పోయారో ప్రజలకు చెప్పి తీరాలన్న మాట అందులో ఒక్కటీ లేదు. పూణేలో సైనికులు ఇళ్లలో జొరబడి సోదాలు చేశారు. ఆ ఆగ్రహంలోనే జూన్ 22న చాపేకర్ సోదరులు ప్లేగు అధికారి రాండ్ మీద కాల్పులు జరిపారు.

2020 మార్చిలో తెలంగాణ కరోనా లాక్‌డౌన్ ఉత్తర్వు ఆధారపడిన చట్టాల్లో ఈ 1897 నాటిదీ ఉంది. ఇల్లు దాటొద్దన్న ఆజ్ఞ పల్లెపల్లెకూ చేరింది. అందుకు టీవీ ఉండేది, ఫోను రింగుకు ముందు దగ్గు వినిపించే సందేశం ఉండేది, పంచాయతీ టాంటాం ఉండేది. రోగుల లెక్క సంగతి వేరు. రోజువారీ బులెటిన్ ఇంగ్లీషులో వెలువడేది. తాండూరులో తెలుగు, ఉర్దూ, కన్నడ కలగలిసి వినిపిస్తాయి. చుట్టూ లంబాడీ తండాలున్నాయి. నాపరాయి గనిలో పనిచేసే మనిషి ఆ కాగితం చూసి తన ఊరి పరిస్థితి ఎలా తెలుసుకుంటాడు? బులెటిన్‌లో పూర్తి వివరాలు ఇవ్వాలని హైకోర్టు ఒకటికి పదిసార్లు చెప్పాల్సివచ్చింది. జూలైలో ప్రధాన కార్యదర్శినే పిలిపించింది. ఆ తర్వాతే బులెటిన్ విస్తరించి, ఏ ఆసుపత్రిలో ఎన్ని పడకలున్నాయో చెప్పసాగింది. ప్రభుత్వం దగ్గర ఉన్న సంగతిని ప్రజల కోసం కోర్టు అడిగి రాబట్టాల్సి రావడం నాకు అన్నిటికన్నా బాధ కలిగించే విషయం.

అంతా చెబితే జనం బెదిరిపోతారన్నది పాత వాదన. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. 1994లో సూరత్‌లో ప్లేగు అనగానే లక్షల మంది ఊరు వదిలారు. మరణాలు మాత్రం వందలోపే. కానీ వాళ్లను తరిమింది లెక్కలు కావు, వదంతులు. నమ్మదగిన మాట లేని చోట వదంతిదే పెత్తనం. రెండో వాదన ఇంకా బలమైనది: మొదట్లో ప్రభుత్వానికే తెలియదు కదా, ఏం చెబుతుంది? 2020 మార్చి 7న శాసనసభలో ముఖ్యమంత్రి కేసీఆర్ పారాసిటమాల్ చాలన్నట్టు, వేడికి వైరస్ బతకదన్నట్టు మాట్లాడారు. రెండు వారాలకల్లా రాష్ట్రం మూతపడింది. అప్పటికి తెలిసింది అంతే అయి ఉండవచ్చు. అలాంటప్పుడు ‘ఇప్పటికి మాకు తెలిసింది ఇది, రేపు మారవచ్చు’ అని కలిపి చెబితే మర్నాడు మాట మార్చుకున్నా పరువు పోదు.

ఇక పల్లెలకు చేరే దారుల సంగతి. 2021 సెప్టెంబర్ 11న వికారాబాద్‌లో కేంద్రమంత్రి జ్యోతిరాదిత్య సింధియా, రాష్ట్రమంత్రి కేటీఆర్ సమక్షంలో టీకాలు, మందులు మోసే డ్రోన్లు ఎగిరాయి. మంచి ప్రయోగమే, దూరపు ఆరోగ్య కేంద్రాలకు రేపు అక్కరకొస్తుంది. నా లెక్కలో మాత్రం అంతకన్నా విలువైనది అదే ఏడాది మే నెలలో మొదలైన ఇంటింటి జ్వర సర్వే. ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎం గడప దగ్గరికొచ్చి ఎవరికి జ్వరమని అడిగారు, మందుల కిట్ చేతికిచ్చారు. ఆజ్ఞాపించడం మాని ప్రభుత్వం ప్రశ్న అడిగిన సందర్భమది. మొహం తెలిసిన మనిషి అడిగితే జనం దాచరు. సందేహం ఉంటే తిరిగి అడుగుతారు. టాంటాం వేసినవాణ్ని అలా అడగలేం.

అలా సేకరించిన సంఖ్య ఆ ఊరికే తిరిగి రావాలి. పేర్లు బయటపెట్టనక్కర్లేదు. ఈ వారం ఎందరికి జ్వరం, ఎన్ని పరీక్షలు, ఎన్ని మందులు మిగిలాయన్నది సబ్ సెంటర్ గోడ మీద తెలుగులో, ఉర్దూలో, సరిహద్దు ఊళ్లలో కన్నడలో రాస్తే చాలు. వానాకాలం డెంగీ సీజనుతోనే ఈ పని మొదలుపెట్టవచ్చు. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, జిల్లా వైద్యాధికారి ఉత్తర్వు సరిపోతుంది.