లేబుల్ పంపిణీ ప్రోటోకాల్

లేబుల్ పంపిణీ ప్రోటోకాల్ (ఎల్‌డీపీ) అనునది ఎంపీఎల్ఎస్ నెట్‌వర్కులోని రౌటర్లు ఏ గమ్యమునకు ఏ లేబుల్ వాడవలెనో పరస్పరము తెలుపుకొను విధానము. దీని ప్రమాణము 2001లో ఆర్.ఎఫ్.సి. 3036గా వెలువడి, 2007లో ఆర్.ఎఫ్.సి. 5036గా సవరించబడినది. భారతదేశములో బీఎస్ఎన్ఎల్ వంటి సంస్థలు ఎంపీఎల్ఎస్ ఆధారిత వీపీఎన్ సేవలు అందించుచున్నవి.

పనిచేయు విధానము

రౌటరు తొలుత యూడీపీ 646వ పోర్టుపై 224.0.0.2 చిరునామాకు హలో సందేశములు పంపి పొరుగు రౌటర్లను గుర్తించును. పిమ్మట టీసీపీ 646వ పోర్టుపై సంబంధము ఏర్పరచుకొని లేబుళ్ళను ఇచ్చిపుచ్చుకొనును. లేబుల్ పొడవు 20 బిట్లు. ఎల్‌డీపీ స్వయముగా మార్గములను వెదకదు. ఓఎస్‌పీఎఫ్ వంటి ప్రోటోకాల్ చూపిన మార్గమునే అనుసరించును.

లినక్సులో అమరిక

లినక్స్ కెర్నెల్‌లో ఎంపీఎల్ఎస్ 2015లో 4.1 వెర్షనుతో చేరినది. 2017లో క్వాగా నుండి వేరుపడిన ఎఫ్ఆర్ రౌటింగ్‌లో ఎల్‌డీపీడీ అను డీమన్ లేబుళ్ళను పంపిణీ చేయును. ఇది ఓపెన్‌బీఎస్‌డీ నుండి గ్రహించబడినది. డీమన్ల ఫైలులో దీనిని ప్రారంభించి, రౌటర్ ఐడీని, రవాణా చిరునామాను, పాల్గొను ఇంటర్‌ఫేసులను పేర్కొనవలెను. రవాణా చిరునామాగా సాధారణముగా లూప్‌బ్యాక్ చిరునామాను వాడుదురు. అది ఓఎస్‌పీఎఫ్ ద్వారా పొరుగు రౌటర్లకు తెలియనిచో టీసీపీ సంబంధము ఏర్పడదు.

సాధారణ పొరపాటు

కెర్నెల్‌లో లేబుల్ పట్టిక పరిమాణము మొదట సున్నాగా ఉండును. ప్రతి ఇంటర్‌ఫేసుపై లేబుల్ ప్యాకెట్ల స్వీకరణయు నిలిపివేయబడి ఉండును. ఈ రెంటిని మార్చవలెను. స్వీకరణను అనుమతించుట మరచినచో, ఎల్‌డీపీ సందేశములు సాధారణ ఐపీ ప్యాకెట్లే గనుక పొరుగు సంబంధము సక్రమముగానే కనిపించును. కాని లేబుల్ గల ప్యాకెట్లు ఏ హెచ్చరికయు లేక పారవేయబడును, వీపీఎన్ స్తంభించును. ఈ మార్పులను సిస్‌కంట్రోల్ ఫైలులో భద్రపరచనిచో యంత్రము పునఃప్రారంభమైనప్పుడు తొలగిపోవును.