వ్రాత నెరుగని వారి చరిత్ర

సరిహద్దు తగవు వచ్చినప్పుడు దస్తావేజు లేనంత మాత్రమున గ్రామపెద్దలు తీర్పు చెప్పక మానరు. పాతగట్టును చూతురు, గట్టుమీది చెట్టు వయస్సు నెంచుదురు, హద్దురాయి పాతినచోట త్రవ్వించి క్రిందిమన్ను పరీక్షింతురు. వ్రాతలు విడువక గతించిన ప్రాచీనజనుల విషయమున చరిత్రకారులు చేయు పనియు నిట్టిదే. ఆ విధానమును గూర్చియే నేడు తమకు మనవి చేయదలచితిని.

మొదట వారు వ్రాతను బట్టి కాలమును మూడు భాగములు చేసిరి. వ్రాత యుండి, దానిని మనము చదువగలిగిన కాలము చరిత్ర. వ్రాతయే లేని కాలము ప్రాక్చరిత్ర. వ్రాత యుండియు మనకు చదువరాని కాలము ఈ రెంటి నడుమ నున్నది. హరప్పా, మొహెంజొదారో పట్టణముల ముద్రలపైని లిపిని సర్వసమ్మతముగ చదివినవారు నేటికిని లేరు గనుక, ఆ నాగరికతను ఈ నడిమి తరగతిలో చేర్చుదురు.

ప్రాక్చరిత్ర మిగుల దీర్ఘమైనది. దానిని విభజించుటకు త్రోవ చూపినవాడు డెన్మార్కు దేశీయుడైన థామ్సెను. కోపెన్‌హేగను ప్రదర్శనశాలలో పోగుపడిన పాతవస్తువులను ఆయన రాయి, కంచు, ఇనుము అను మూడు యుగములుగ అమర్చి, ఆ క్రమమును 1836లో ప్రకటించెను. 1865లో లబ్బాకు అను ఆంగ్లపండితుడు రాతియుగమును రెండుగ చీల్చెను: పెచ్చు లూడగొట్టి చేసిన పనిముట్ల కాలము పాతది, నూరి నునుపుచేసిన పనిముట్ల కాలము క్రొత్తది. మనదేశమున 1863లో బ్రూసు ఫూటు అను భూగర్భశాస్త్రజ్ఞుడు మద్రాసు చెంత పల్లావరమున పాతరాతియుగపు పనిముట్టును గుర్తించెను.

అయితే డెన్మార్కు కొలబద్ద మన దక్షిణాపథమునకు సరిపోలేదు. ఇచట రాగి, కంచు వస్తువులు కొలదిగ దొరకినను, ప్రత్యేకముగ కంచుయుగ మని చెప్పదగినది లేదు. రాతిగొడ్డలి వెనుక ఇనుము వచ్చినది. 1947లో వీలరు దొర మైసూరు సీమలోని బ్రహ్మగిరిని త్రవ్వించినప్పుడు అడుగున నునుపు రాతిగొడ్డళ్లును, వానిపై ఇనుము వాడిన పెద్దరాతి సమాధుల వారి పొరయు, ఆ మీద ఆంధ్రరాజుల నాటి కుండపెంకులును కానవచ్చినవి. అట్టి సమాధులనే మన పల్లెలలో రాకాసిగుళ్లందురు. కావున చరిత్రకారులిప్పుడు పనిముట్టు నొక్కదానినే నమ్మరు. కుండ, ఇల్లు, తిండి, శవసంస్కారము, పొరల వరుస వీని నన్నిటిని కలిపి చూచి ఒక్కొక్క సంస్కృతికి పేరు పెట్టుదురు.

ఇందుకు బూడిదదిబ్బలు మంచి నిదర్శనము. బళ్లారి, రాయచూరు, అనంతపురము, పాలమూరు సీమలలో ఇవి కలవు. రాక్షసుల కాష్ఠము లని, యజ్ఞభస్మ మని జనులు చెప్పుకొనిరి. 1957లో ఆల్చిను అను పండితుడు పాలమూరు సీమలో కృష్ణకు చేరువనున్న ఉట్నూరు దిబ్బను త్రవ్వించెను. మ్రాకులు పాతి కట్టిన దడుల గుంటలును, పశువుల గిట్టల గురుతులును బయలుపడినవి. అది పలుమారులు కాలిన పశువుల దొడ్డి; ఆ బూడిద పేడబూడిద. బొగ్గులోని కర్బనమును పరీక్షించి, ఆ దొడ్డి నాలుగువేల యేండ్ల నాటిదని తేల్చిరి.

అక్షర మెరుగని ఆ జనులు మందలను పోషించిరి, దడులు కట్టిరి, కుండలు చేసిరి. వారిని రాతియుగమువా రనినచో వారి చేతి పనిముట్టును చెప్పినట్లే గాని, వారి బుద్ధిని తూచినట్లు కాదు.

నేనొక గ్రామమున ఇట్టి దిబ్బను ఎరువునకై బండ్ల కెత్తుచుండగా చూచితిని. ఆ రైతును నిందింపను; అది యేమో ఆయనకు చెప్పినవారు లేరు. కాని దస్తావేజు పోయినను నకలు దొరకవచ్చును. పొరలు కలిసిపోయిన వెనుక ఏది ముందో ఏది వెనుకో చెప్పు సాక్షి యుండడు. తమ పొలములలో బూడిదదిబ్బ గాని, రాకాసిగుడి గాని, నునుపు రాతిగొడ్డలి గాని కనబడినచో, దానిని కదలింపక, ఆ చోటును గుర్తుంచి పురావస్తుశాఖవారికి తెలుపవలెనని నా ప్రార్థన. గ్రామమునకు తామే పెద్దలు. వ్రాత నెరుగని ఆ పూర్వుల సాక్ష్యమును కాపాడవలసిన వారును తామే.