మన బస్తీ క్లబ్బులు – లీగు పిరమిడ్

1940 పిదప యుద్ధము వలనను, దేశవిభజన కల్లోలము వలనను ఆగిపోయి, 1950లో ఢిల్లీ నగరమున తిరిగి ఆరంభమైన డ్యూరాండ్ కప్పు పోటీలలో, తొలి అంత్యపోటీ సమముగా ముగియగా మరల ఆడిన ఆటలో మోహన్ బగాన్ వంటి మహాసంస్థను ఒక్క గోలుతో ఓడించి, ఆ కప్పును హైదరాబాదు సిటీ పోలీసు జట్టు ఇంటికి తెచ్చినది. ఆ యేడే బొంబాయిలో రోవర్స్ కప్పును చేజిక్కించుకొని, 1954 వఱకు వరుసగా అయిదేండ్లు దానిని మరియొకరి చేతికి పోనీయలేదు. ఈ చరిత్రను మన పెద్దలు చెప్పునప్పుడు జట్టును, కప్పును, గోలు కొట్టినవానిని స్మరింతురు గాని, ఆ జట్టునకు ఆటగాండ్రను పెంచియిచ్చిన బస్తీ క్లబ్బులను, ఆ క్లబ్బులను ఒండొంటితో తలపడజేసిన స్థానిక లీగును తలచుట అరుదు. ఆ వెలితిని ఈ సంచికలో కొంతయైన పూడ్చి, నేడు ఆ క్లబ్బుల ముంగిట నిలిచియున్న ప్రశ్నను గూర్చి, అనగా గెలిచినవారు మెట్టుమెట్టుగా పైకెక్కు దేశవ్యాప్తమైన లీగు పిరమిడ్‌లో చేరవలెనా, ఊరి లీగుతోనే తృప్తిపడవలెనా యను దానిని గూర్చి, నాకు తోచినది విన్నవింపదలచితిని.

హైదరాబాదు ఫుట్‌బాల్ అసోసియేషన్ 1939లో ఏర్పడినది. దాని తొలి అధ్యక్షుడు సయ్యద్ మహమ్మద్ హాది. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో టెన్నిస్ ఆడి, రంజీ ట్రోఫీ క్రికెట్టులో మొట్టమొదటి శతకము చేసిన ఆ బహుముఖ క్రీడాకారుడు ఫుట్‌బాలునకు పెద్దదిక్కగుట ఆ కాలపు హైదరాబాదు క్రీడాజీవితమునకు తగినట్లే యున్నది. కాని ఆ సంస్థకు ప్రాణము పోసినవాడు 1943 నుండి 1963లో కన్నుమూయువఱకు కార్యదర్శిగా నుండిన సయ్యద్ అబ్దుల్ రహీమ్. రహీమ్ సాబ్ వృత్తిచే బడిపంతులు. ఉస్మానియా విద్యార్థులును పూర్వవిద్యార్థులును కలిసి ఆడిన ఎలెవెన్ హంటర్స్ జట్టులోను, పిదప కమర్ క్లబ్బులోను ఆడినవాడు. అనగా క్లబ్బు లీగులో నలిగి, అందలి గుణదోషములను లోపలినుండి ఎరిగిన మనిషి. కుఱ్ఱవాండ్రకు ఆయన పెట్టిన పోటీలు ఇప్పటికిని విన్నవారికి వింత గొలుపును. బలహీనమైన పాదముతో తప్ప బంతిని తన్నరాదని ఒక పోటీకి నియమము. కుడికాలివాడు ఎడమకాలితోనే ఆట సాగింపవలసి వచ్చినప్పుడు మొదట నవ్వులపాలగును; ఒక సీజను గడచునప్పటికి రెండు కాళ్లవాడగును. పైసా ఖర్చులేని ఈ ఉపాయము బస్తీ గ్రౌండులలో పనిచేసినది. అట్టి గ్రౌండులలో పెరిగినవారే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానము పొందిన భారత జట్టునకు వెన్నెముకగా నిలిచిరి.

తులసీదాస్ బలరామ్ కథ ఇందుకు చక్కని నిదర్శనము. సికిందరాబాదు కంటోన్మెంటు అంచున అమ్ముగూడలో పెరిగిన ఆ పేదబాలుని ఆట చూచి, రైడర్స్ క్లబ్బులో చేరుమని రహీమ్ సాబ్ అడుగగా, అంతదూరము వచ్చిపోవుటకు అద్దె సైకిలుకు డబ్బులు లేవని అతడు మొగమాటము లేక చెప్పెనట. రహీమ్ సాబ్ జేబులోనుండి ఒక రూపాయి తీసి చేతిలో పెట్టెను. బలరామ్ వృద్ధాప్యములో సైతము ఈ రూపాయిని తలచుకొనెడివాడు. 1956 ఒలింపిక్స్‌లోను, 1962లో జకార్తాలో స్వర్ణపతకము గెలిచిన ఆసియా క్రీడలలోను ఆడిన ఆ మహాక్రీడాకారుని తొలి రాజపోషణ మొత్తము ఒక సైకిలు అద్దె! పిరమిడ్‌లో చేరుటకు క్లబ్బులకు కావలసిన నేటి లైసెన్సు నిబంధనలలో ఈ రూపాయికి గడి లేదు. అయినను క్లబ్బు చేయగల పని ఏమని ఎవరైన నన్నడిగినచో మొదట దీనినే చెప్పుదును.

మరి ఆ వైభవము ఏల తరిగినది? మేటి ఆటగాండ్రు కలకత్తా దారిపట్టుట ఒక కారణమని అందఱును చెప్పుదురు; నిజమే. బలరామ్ 1957లో ఈస్ట్ బెంగాల్‌కు పోయెను. తరువాత నయీముద్దీన్, హబీబ్, అక్బర్, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ ఆ బాటలోనే నడచిరి. పోలీసు, రైల్వే, బ్యాంకు కొలువులలో ఆటగాండ్రకు దొరకుచుండిన చోటు సన్నగిల్లుట మరియొక కారణము. వీనిని కాదనను గాని, మూడవది యొకటి గలదు. దానిని గూర్చి చాలినంత చర్చ జరుగలేదని నా యభిప్రాయము. 1950లలో మన జట్లు ఊరు దాటి పేరు తెచ్చుకొనుటకు డ్యూరాండ్, రోవర్స్, బెంగుళూరు ఆష్ గోల్డ్ కప్పు వంటి నాకౌట్ పోటీలుండెడివి. రైలుఖర్చు సమకూర్చుకొన్న జట్టు పదిదినములు పరాయియూర ఆడి, గెలిచినచో కప్పుతోను, ఓడినచో అనుభవముతోను తిరిగివచ్చెడిది. ఆనాటి మెట్లదారి యదియే. 1996లో జాతీయ లీగు వచ్చిన పిదప ఆ కప్పుల విలువ క్రమముగా తగ్గినది. రోవర్స్ కప్పు ఆగియే పోయినది. పాతదారి మూతబడినది, క్రొత్తదారి మన వాకిటివఱకు రాలేదు. నడుమ ఇఱుకుకొన్న బస్తీ క్లబ్బు తన లీగు విజయము ఎక్కడికిని చేర్చని విజయముగా మారుట చూచి నీరసించెను.

ఇప్పుడు దారి యొకటి రూపుగట్టుచున్నది. 2007లో ఐ-లీగు, మరుసటియేట దాని రెండవ శ్రేణి వచ్చినవి. 2014లో ఇండియన్ సూపర్ లీగు వచ్చి చాలకాలము తలుపు మూసికొని కూర్చున్నది. 2023లో పంజాబ్ క్లబ్బును, 2024లో కలకత్తా మహమ్మడన్ స్పోర్టింగును ఐ-లీగు గెలిచిన బలముచే పైకెక్కించుటతో ఆ తలుపు కొంత తెరచికొన్నది. 2023లోనే ఐ-లీగు మూడవ శ్రేణి ఏర్పడి, రాష్ట్ర లీగులనుండి జట్లు అందులోనికి పోవు వీలు కలిగినది. కావున రహీమ్ సాబ్ పేరనే నడచుచున్న మన లీగులోని క్లబ్బునకు సిద్ధాంతరీత్యా నేడు శిఖరమువఱకు మార్గము గలదు. సిద్ధాంతరీత్యా అను మాటను ఊరక వాడలేదు.

ఈ మెట్లదారిని తిరస్కరించినవారి గతి ఏమైనదో చూచుటకు ఇంగ్లండు ఈశాన్యమున డర్హమ్ బొగ్గుగనుల సీమకు పోవలెను. అచ్చటి నార్దర్న్ లీగు 1889లో పుట్టినది; ప్రపంచములో నేటికిని నిలిచియున్న ఫుట్‌బాల్ లీగులలో ప్రాచీనతచే రెండవది. వేతనములేని ఆటగాండ్ర లీగులలో దానికి సాటి వచ్చునవి మిక్కిలి తక్కువ. మన పోలీసు జట్టు రోవర్స్ కప్పు పట్టిన దశాబ్దములోనే దానిలోని బిషప్ ఆక్లండ్ క్లబ్బు 1955, 1956, 1957 సంవత్సరములలో వరుసగా అమెచ్యూర్ కప్పు గెలిచినది. 1978లో బ్లైత్ స్పార్టన్స్ అను మరియొక క్లబ్బు ఎఫ్.ఏ. కప్పులో అయిదవ రౌండు వఱకు పోగా, రెక్సమ్‌తో తిరిగి ఆడిన ఆటను చూచుటకు న్యూకాసిల్ స్టేడియమునకు 42 వేలమంది వచ్చిరి. ఇంతటి గర్వము గలవారికి 1979లో క్రొత్తగా కట్టుచున్న పిరమిడ్‌లో చేరుమని పిలుపు రాగా, మాకు మా లీగు చాలునని త్రోసిపుచ్చిరి. ఫలిత మేమి? ఎదుగదలచిన క్లబ్బులు ఒక్కొక్కటిగా జారిపోయినవి. 1988లో బిషప్ ఆక్లండే వేఱు లీగునకు పోయినది. తుదకు 1991లో నార్దర్న్ లీగు పిరమిడ్‌లో చేరినప్పుడు, మొదటనే చేరియున్నచో దొరకవలసిన మెట్టు దొరకలేదు; ఎంతో క్రిందిమెట్టుతో సరిపెట్టుకొనవలసి వచ్చెను. పండ్రెండేండ్ల బెట్టునకు తరతరముల హోదా ఖర్చయినది.

అట్లని అచ్చటి తిరస్కారులను కేవలము మొండివారని కొట్టిపారవేయుటకు వీలులేదు. పైకెక్కినచో ఖర్చులు మోయలేమను వారి భయము నిజమేయని తరువాతి చరిత్ర కొంతవఱకు నిరూపించినది. 2009లో పైశ్రేణికి అర్హత గెలుచుకొన్న న్యూకాసిల్ బ్లూస్టార్ ఆ యేడే మూతపడినది. దూరప్రయాణములకును వేతనములకును వెరచి కాబోలు, విట్లీబే క్లబ్బు 2009 నుండి 2011 వఱకు వరుసగా మూడుమార్లు వెంబ్లీలో ఎఫ్.ఏ. వేజ్ అను కప్పు గెలిచియు పైమెట్టు కోరలేదు. దానివలన దాని గౌరవము తగ్గలేదు. వేఱొకవంక, సొంతగ్రౌండు కోల్పోయి పొరుగూర తలదాచుకొన్న సౌత్ షీల్డ్స్ 2015లో ఇల్లు చేరి, 2017లో వేజ్ గెలిచి, అటుపై మెట్టుమెట్టుగా ఎక్కుచు పోయినది. ఎక్కదలచినవానికి దారి యుండుటయు, ఎక్కనివానికి ఇల్లు నిలుచుటయు, ఈ రెండును కలిసియున్నప్పుడే ఆ లీగు బ్రతికినది.

మన నగరమున పైనుండి దిగివచ్చిన ఫుట్‌బాలును గూడ మనము చూచితిమి. 2019లో పూణె క్లబ్బు వదలిన స్థానములో వెలసిన హైదరాబాదు ఎఫ్.సి. మూడేండ్లు తిరుగకమునుపే, 2022 మార్చిలో, కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో ఓడించి దేశవిజేత యైనది. అంటువ్యాధి కారణముగా ఆ సీజను సమస్తము గోవాలో జరుగుటచే, తన నగరమున ఒక్క ఆటయైనను ఆడకుండ ఆ క్లబ్బు కిరీటము ధరించినది. 2025లో అది ఢిల్లీకి తరలిపోయి పేరు మార్చుకొన్నది. అభిమానుల దుఃఖము నాకు తెలియును. నేనును సంబరపడినవారిలో నొకడనే. కాని దానిని నిలుపుటకు ఏ బస్తీయు అడ్డుపడలేదు, ఏలయన ఏ బస్తీకిని అది చెందలేదు. 2015లో బాలుర జట్లతో మొదలిడిన శ్రీనిధి దక్కన్ మాత్రము ఐ-లీగులో 2022-23, 2023-24 సీజనులలో రెండవ స్థానము వఱకు వచ్చి, పైమెట్టునకు ఒక్క అడుగు దూరమున ఆగినది. వీనిలో మన పాత క్లబ్బులకు ఏది దగ్గఱ యని అడిగినచో నేను రెండవదియే యందును.

కావున చేరవలెననియే నా మతము. చేరకున్నచో పదునెనిమిదేండ్ల కుఱ్ఱవాడు బార్కస్‌లోనో బొలారంలోనో క్లబ్బు పట్టుకొని ఏల వ్రేలాడును? ఇంకొక యూరి అకాడమీ పిలిచిన మరుక్షణము పోవును, పోవుటయే న్యాయము. అయితే చేరుటకు ముందు మూడుమాటలు ఖండితముగా అడుగవలెను. లైసెన్సునకు గ్రౌండు, బాలుర జట్లు, డిప్లొమా గల కోచ్, చట్టబద్ధమైన సంస్థారూపము, ఆడిటు చేసిన లెక్కలు కావలెనందురు. ఇవి అనుచితములు కావు. కాని అసోసియేషన్ నిర్వహణలో నున్న గ్రౌండును లీగు క్లబ్బులు ఉమ్మడిగా తమ గ్రౌండుగా చూపుకొనుటకు అనుమతి లేనిదే, చందాలతో నడచు క్లబ్బులలో ఒక్కటియు ఆ గీత దాటజాలదు. ఇది మొదటిమాట. లీగు సీజను ఏనాడు మొదలై ఏనాడు ముగియునో ముందుగా అచ్చువేసి, ఆ ప్రకారము ఆడింపవలెననుట రెండవది. సగము సీజను వానలకు, సగము వివాదములకు పోయిన లీగునుండి ఏ విజేతను పైకి పంపుదుము? కొన్ని క్లబ్బుల కార్యదర్శులు తమ ఉద్యోగపు సెలవులను, ఆటగాండ్ర షిఫ్టులను ఈ తేదీలనుబట్టి సర్దుకొనవలసిన స్థితిలో నున్నారని మఱవరాదు.

మూడవది నాకు అన్నిటికన్న ముఖ్యము. పైకి పోవుట విజేతకు హక్కు కావలెను గాని విధి కారాదు. ప్రయాణఖర్చులు లెక్కవేసికొని, ఈ యేడు మాకు శక్తి చాలదని విజేత చెప్పినచో, జరిమానాయు, లీగునుండి బహిష్కారమును లేక, ఆ యవకాశము రెండవ స్థానమువానికి, అతడును వలదన్నచో మూడవవానికి దక్కవలెను. వలదన్న క్లబ్బు మరుసటియేట గెలిచినచో అదే హక్కు దానికి మరల ఉండవలెను. ఈ నియమము వ్రాతపూర్వకముగా లీగు నిబంధనలలో చేరిన దినమున చేరికపత్రముపై సంతకము చేయవచ్చును.