వెంట్రుకవాసి కొలత: ఆలూరు సీమ నేపథ్యంలో ఇంజను పునరుద్ధరణ పని - చరిత్ర, పదజాలం

వ్యాససంగ్రహం:
అరిగిన ఇంజనును విప్పి, కొలిచి, తిరిగి పనికి నిలబెట్టే సూక్ష్మ యంత్రపని ఇరవయ్యవ శతాబ్దంలో తెలుగువారి వృత్తులలో చేరింది. ఆలూరు వంటి మెట్టసీమలో ఈ పనికి ఏర్పడిన అవసరాన్ని, దాని వెనుక ఉన్న కొలతల చరిత్రను, దాని పదజాలాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. "వెంట్రుకవాసి" అనే నుడికారానికి ఈ వృత్తిలో నిశ్చితమైన పరిమాణం ఏర్పడిన క్రమాన్ని వివరించడం దీని ప్రధానోద్దేశం.

కీలకపదాలు: ఆలూరు, బళ్ళారి, బోరింగు, లేతు, థౌ, వృత్తిపదజాలం.

1. ఉపోద్ఘాతం:
ప్రమాదం వెంట్రుకవాసిలో తప్పిందని తెలుగువారు అంటారు. ఆ దూరాన్ని ఎవరూ కొలిచి చెప్పరు. ఇంజను పునరుద్ధరణలో మాత్రం ఆ దూరాన్ని కొలవనిదే పని మొదలుకాదు. మనిషి వెంట్రుక మందం సుమారు 50 నుంచి 100 మైక్రాన్లు. అంగుళంలో వెయ్యోవంతును వర్క్‌షాపులలో "థౌ" అంటారు. అది 25.4 మైక్రాన్లకు సమానం. కాబట్టి వెంట్రుక మందం రెండు నుంచి నాలుగు థౌలు. క్రాంకు జర్నలుకూ దాని బేరింగుకూ మధ్య ఉండవలసిన సందును జర్నలు వ్యాసంలో అంగుళానికి ఒక థౌ చొప్పున లెక్కకట్టడం పాత పద్ధతి. రెండు మూడంగుళాల జర్నలుకు ఆ సందు రెండు మూడు థౌలు, అంటే సరిగ్గా వెంట్రుకవాసి. ఆయిలు పొర నిలిచేది ఆ సందులోనే. సందు తగ్గితే బేరింగు పట్టేస్తుంది. పెరిగితే ఆయిలు ఒత్తిడి పడిపోయి ఇంజను కొట్టుకోవడం మొదలవుతుంది.

2. ఆలూరు - సరిహద్దు సీమ:
1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన దత్తమండలాలలో ఆలూరు ప్రాంతం ఒక భాగం. ఆ తరువాత అది బళ్ళారి జిల్లాలో తాలూకాగా కొనసాగింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు బళ్ళారి నుంచి విడివడ్డాయి. మొదటి రెండూ కర్నూలు జిల్లాలోనూ, మూడవది అనంతపురం జిల్లాలోనూ చేరాయి. అయినా ఉత్తరాన ఆదోని, ఆగ్నేయాన గుంతకల్లు, నైరుతిన బళ్ళారి ఉన్న ఆలూరుకు కన్నడ సీమతో రాకపోకలు ఆగలేదు. నేటి 167వ జాతీయ రహదారి బళ్ళారి సమీపంలోని హగరి నుంచి ఆలూరు, ఆదోనిల మీదుగానే సాగుతుంది.

నల్లరేగడిలో పత్తి, ఎర్రనేలల్లో వేరుశనగ పండే ఈ సీమలో సేద్యం ప్రధానంగా వర్షాధారం. బావినీటిని తోడడానికి ఆయిలింజను, పంటను ఆదోని మార్కెట్టుకు చేర్చడానికి లారీ అవసరమయ్యాయి. ఇంగ్లండులోని డర్స్‌లీ పట్టణంలో తయారైన లిస్టర్ ఇంజన్లు, వాటి నమూనాలో రాజ్‌కోట్‌లో తయారైన ఇంజన్లు నిమిషానికి 650 చుట్ల వంటి తక్కువ వేగంతో తిరిగేవి. 1946లో పూనాలో కిర్లోస్కర్ ఆయిల్ ఇంజిన్స్ ఏర్పడింది. 1954లో టాటా సంస్థ డైమ్లర్-బెంజ్ సహకారంతో లారీల తయారీ ప్రారంభించింది. 1948లో మద్రాసులో నెలకొన్న అశోక్ మోటార్స్ 1955లో అశోక్ లేలాండ్ అయింది. ఇంజన్ల వేగం పెరిగేకొద్దీ వాటి మరమ్మతులో సూక్ష్మత ఆవశ్యకమైంది. వాన మీద ఆధారపడిన రైతుకు కొత్త ఇంజను కొనడం భారం. అందువల్ల ఉన్న ఇంజనును రెండోసారి, మూడోసారి పనికి తేవడం ఇటువంటి సీమలో ఆర్థిక అవసరమైంది.

ఆ పనికి కావలసిన యంత్రాల తయారీ కూడా ఈ చుట్టుపక్కల రాష్ట్రాలలోనే మొదలైంది. లేతుల తయారీకి పేరొందిన మైసూరు కిర్లోస్కర్ 1941లో తుంగభద్ర ఒడ్డునున్న హరిహర్‌లో స్థాపితమైంది. 1943లో సికింద్రాబాదులో ప్రాగా టూల్స్, 1953లో బెంగళూరులో హిందుస్థాన్ మెషిన్ టూల్స్ వచ్చాయి. 1950లో ప్రారంభమైన వృత్తి శిక్షణ పథకం ద్వారా ఐ.టి.ఐ.లలో టర్నరు, మెషినిస్టు వంటి పనులు నేర్పసాగారు.

3. సగాల లెక్క నుంచి పదుల లెక్కకు:
సూక్ష్మమైన కొలత తెలుగువారికి కొత్తకాదు. కంసాలి తక్కెడలో గురిగింజ తూకం గ్రాములో సుమారు ఎనిమిదోవంతు. అయితే ఆ సూక్ష్మత బరువుకు సంబంధించింది. పొడవు విషయంలో వడ్రంగి కంటినీ, చేతినీ నమ్మాడు. పైగా సంప్రదాయ లెక్క సగాలు చేసుకుంటూ పోయే లెక్క. అర, పావు దాటి వీసం దాకా వెళితే పదహారోవంతు. అంగుళంలో ఎనిమిదోవంతును "నూలు" అనడం ఈ పద్ధతిలో సులభంగా ఇమిడింది.

థౌ ఈ వరుసలో ఇమడదు. ఎన్నిసార్లు సగం చేసినా వెయ్యోవంతు రాదు. అది దశాంశ పద్ధతికి చెందినది. 1848లో ఫ్రాన్సులో పామర్ పేటెంటు పొందిన స్క్రూ మైక్రోమీటరు, ఇంగ్లండులో విట్‌వర్త్ మర ప్రమాణాలు, స్వీడనులో యోహాన్‌సన్ రూపొందించిన గేజు దిమ్మలు ఈ సూక్ష్మతను కర్మాగారాలకు అందించాయి. భారతదేశంలో 1956 చట్టం ప్రకారం 1958 అక్టోబరు 1 నుంచి దశలవారీగా మెట్రిక్ మానం అమలైంది. బజారులో సేరు, వీశె తప్పుకున్నాయి. ఇంజను షాపులో థౌ నిలిచింది. పిస్టన్లు, రింగులు, బేరింగులు 10, 20, 30, 40 థౌల మెట్లలో తయారు కావడమే దీనికి కారణం. మెట్రిక్‌లో వచ్చిన 0.25, 0.50, 0.75 మిల్లీమీటర్ల మెట్లు కూడా దాదాపు ఆ కొలతలే. చట్టం మారినా విడిభాగాల పెట్టె మీది అంకె పాత మానాన్ని బతికించింది.

4. పనిక్రమం - ఎండ, దుమ్ము:
సిలిండరు అంతటా ఒకేలా అరగదు. పిస్టను పైకి చేరి ఆగే చోట వేడి ఎక్కువ, ఆయిలు పొర పలుచన. అందువల్ల అరుగుదల అక్కడే అధికం. పిస్టను పక్కకు ఒరిగే దిశలో రంధ్రం కోలగా మారుతుంది. మెట్టనేలల దుమ్ము గాలితోపాటు లోపలికి చేరితే ఆకురాయిలా పనిచేసి అరుగుదలను త్వరపరుస్తుంది. కాబట్టి పైన, నడుమ, కింద, ఒక్కోచోట రెండు దిశల్లో, మొత్తం ఆరు కొలతలు తీయాలి. ఎక్కువగా అరిగిన కొలతను బట్టి తరువాతి సైజు నిర్ణయమవుతుంది. బోరింగు యంత్రం చివరి రెండు మూడు థౌలను మిగిల్చి ఆపుతుంది. ఆ మిగులును హోనింగు రాళ్ళతో తీసి, ఆయిలు నిలవడానికి అడ్డదిడ్డంగా సన్నని గీతలు మిగులుస్తారు. క్రాంకును గ్రైండింగు చేసేటప్పుడు జర్నలు మూలల్లోని గుండ్రదనాన్ని కాపాడాలి. అక్కడ పదునైన మూల ఏర్పడితే కొంతకాలానికి క్రాంకు విరుగుతుంది.

ఈ కొలతలపై స్థానిక వాతావరణ ప్రభావం గమనార్హం. పొడవుల కొలతకు 20 డిగ్రీల సెల్సియస్‌ను ప్రామాణిక ఉష్ణోగ్రతగా 1931లో అంతర్జాతీయంగా నిర్ణయించారు. రాయలసీమ వేసవి 40 డిగ్రీలు దాటుతుంది. ఆ తేడాకు 100 మిల్లీమీటర్ల వ్యాసమున్న ఇనుప సిలిండరు సుమారు 22 మైక్రాన్లు, అంటే దాదాపు ఒక థౌ పెరుగుతుంది. పనిముట్టూ బ్లాకూ ఒకే వేడిమిలో ఉంటే రెండూ కలిసి పెరుగుతాయి గనుక తప్పు స్వల్పం. ఎండలో దించిన బ్లాకును నీడలోని గేజుతో కొలిస్తే మాత్రం వెంట్రుకవాసిలో మూడోవంతో సగమో అక్కడే తప్పుతుంది. బ్లాకును నీడలో చల్లారనివ్వడం అందుకే పనిలో మొదటి మెట్టు.

5. పదజాలం:
కడపలో 1820లో ఉద్యోగం ఆరంభించిన సి.పి. బ్రౌన్ తన 1852 నాటి నిఘంటువులో లేతుకు "తరిమెన" అనే తెలుగు పదాన్ని నమోదు చేశాడు. లక్కబొమ్మలను తరిమెన పట్టే విద్య తెలుగునాట ఉంది. ఇనుమును కోసే యంత్రానికి మాత్రం ఆ పేరు బదిలీ కాలేదు. యంత్రంతోపాటు "లేతు" వచ్చింది. కత్తులకు "సాన" మిగిలింది, క్రాంకుకు "గ్రైండింగు" స్థిరపడింది.

నామవాచకాలు ఆంగ్లం నుంచి వచ్చినా వాక్యం తెలుగుదే. ఇంజను "బోరుకు వస్తుంది", "ఆయిలు తాగుతుంది", పిస్టను "పట్టేస్తుంది". పంట కోతకు వచ్చినట్లే ఇంజను బోరుకు వస్తుందనడంలో సేద్యపు నుడికారం వినిపిస్తుంది. నీటి బోరు, ఇంజను బోరు ఒకే ఆంగ్లపదం నుంచి వచ్చినా క్రియతో వేరుపడ్డాయి. బోరు "వేయించడం" నేలకు, బోరు "చేయించడం" ఇంజనుకు. మొదటిది ఎండిపోతుంది, రెండవది అరుగుతుంది. కరవుసీమ రైతుకు రెండూ అప్పుతో ముడిపడిన మాటలే.

6. ముగింపు:
2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ప్రకటించిన తరువాత రైతుకు ఆయిలింజనుతో అవసరం తగ్గింది. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బి.ఎస్.-6 ప్రమాణాల వాహనాలలో ఎలక్ట్రానిక్ నియంత్రణ పెరిగింది. పల్చని గోడల బ్లాకులలో మళ్ళీ బోరింగు చేసే వీలు తక్కువ. విప్పి కొలిచే పద్ధతి స్థానంలో తీసి మార్చే పద్ధతి వస్తోంది.

ఈ మార్పులో ఒక పనితోపాటు దాని భాష కూడా మరుగున పడే ప్రమాదం ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వ్యవసాయ పదాలతోనూ, 1971లో చేనేత పదాలతోనూ వెలువడిన మాండలిక వృత్తిపదకోశ సంపుటాలు తరతరాల వృత్తులకు శాస్త్రీయ ప్రతిపత్తి కల్పించాయి. కులవృత్తి కాని, లిఖిత సంప్రదాయం లేని, గురువు పక్కన నిలబడి నేర్చిన యంత్రపని పదజాలానికి కూడా అదే పద్ధతి వర్తిస్తుంది. ఆలూరు, ఆదోని, బళ్ళారి ప్రాంతంలో తెలుగు, కన్నడ, ఉర్దూ మాటలు కలిసి వినిపిస్తాయి గనుక ఇక్కడి సేకరణ భాషా సంపర్క అధ్యయనానికీ ఉపకరిస్తుంది. వెంట్రుకవాసిని కొలిచి చూపగల చేతులు పనిలో ఉన్నప్పుడే ఈ సేకరణ జరగాలి. ఆ పనివారు విశ్రమించాక "బోరుకు రావడం" నిఘంటువుకెక్కినా, ఆ మాట వెనుకనున్న ఆరు కొలతలను వివరించగలవారు ఉండరు.