గోడకే కాదు, ఫోనుకూ చెవులే

"మెల్లగా మాట్లాడవే, గోడలకు చెవులుంటాయి" అనేవారు మన అమ్మమ్మలు. గోడకు చెవులున్నా నోరు లేదు గనుక సరిపోయింది. ఫోనుకు ఇప్పుడు రెండూ ఉన్నాయి మరి!

ఆడపిల్ల పుట్టింటికి ఫోను చేసి నాలుగు మాటలు చెప్పుకుంటే మనసు తేలికపడుతుంది. అలాంటి మాటల్నే ఒక భర్త, భార్యకు తెలియకుండా రికార్డు చేసి, విడాకుల దావాలో సాక్ష్యంగా తెచ్చాడు. అది చెల్లదు పొమ్మంది ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, 2007లో. ఫోను సంభాషణ మనిషి గోప్యతలో భాగమని సుప్రీంకోర్టు 1996లోనే అన్నది. అది సర్కారువారి దొంగచెవుల సంగతి. హైకోర్టు కట్టుకున్నవాడికీ అదే నీతి చెప్పింది. కన్నవాళ్ళతో మాట్లాడినా భార్యను నమ్మనివాడుంటే ఇక ఆ పెళ్ళికి అర్థమేముందీ అన్నది.

కథ అక్కడితో ఆగలేదు. మరో భర్త, భార్య తనతో అన్న మాటల్నే గుట్టుగా రికార్డు చేశాడు. అది ఆమె గోప్యతకు భంగమని పంజాబ్, హర్యానా హైకోర్టు 2021లో అంటే, కాదు, ఆలుమగల దావాలో అదీ సాక్ష్యమేనని సుప్రీంకోర్టు 2025 జులైలో తీర్పిచ్చింది. ఒకరిమీద ఒకరు నిఘా పెట్టుకునేదాకా వస్తే ఆ కాపురం అప్పటికే చెడినట్టు అనీ అన్నది.

తీర్పులు చెరో దారి పట్టినా, కాపురం గురించి రెండు చోట్లా అన్నది ఒకటే మాట, చూశారా? రికార్డు చేసిన మాట కోర్టులో నిలవనీ, నిలవకపోనీ, "నీ మాట రికార్డు చేస్తున్నాను" అని ముందుగా చెప్పలేనిచోట నమ్మకం మాత్రం నిలవదు.