రేకు నక్షత్రం వెనుక మనిషి

పందొమ్మిదవ శతాబ్దంలో అమెరికా జనులు మిస్సిసిపీ నదిని దాటి పడమటికి పోయిన కొద్దీ ముందు ఊళ్ళు వెలసినవి. చట్టం తరువాత వచ్చినది. బంగారం దొరికిన చోట, పశువుల మందలను రైలెక్కించే చోట, చూస్తూ ఉండగానే అంగళ్ళు, సారాయి దుకాణాలు, జూదశాలలు లేచేవి. న్యాయస్థానం మాత్రం ఎన్నో ఆమడల దూరాన ఉండేది. ఆ వెలితిని పూరించటానికి ప్రజలు ఎన్నుకొన్న షెరీఫ్, పురపాలకులు జీతమిచ్చి నియమించిన మార్షల్ ఏర్పడినారు. మన పాతకాలపు కొత్వాలు ఉద్యోగం వంటిదే అది. రొమ్ముమీద నక్షత్రం ఆకారపు రేకు బిళ్ళ, నడుమున పిస్తోలు అతని అధికార చిహ్నాలు.

ఇతనిని గురించిన కథలు రెండు విధాలు. 1860 నుంచి వెలువడిన పది సెంట్ల నవలల సంప్రదాయం ఒకటి. అందులో వీరుని గురి తప్పదు, కూలినవాడు దుష్టుడే. రెండవ విధానివి చీకటి కథలు. వాటిలో చట్టం గెలిచినా, దానిని నిలబెట్టినవాడు చితికిపోతాడు. అయినా పాఠకుని చాలాకాలం వెన్నాడేవి ఇవే. ఎందువల్ల?

అవి చరిత్రకు దగ్గరగా ఉండటం మొదటి కారణం. వైల్డ్ బిల్ హికాక్‌ను 1867లో ఒక ప్రసిద్ధ మాసపత్రిక మహావీరునిగా చిత్రించినది. 1871లో అతడు కాన్సస్ రాష్ట్రంలోని ఆబిలీన్ పట్టణానికి మార్షల్ అయినాడు. ఆ అక్టోబరు 5వ తేదీ రాత్రి ఫిల్ కో అనే జూదరిని కాల్చినాడు. ఆ గందరగోళంలోనే తన వైపు పరుగెత్తి వచ్చిన మరొకనినీ కాల్చినాడు. తీరా చూస్తే అతడు సాయపడవచ్చిన తన మిత్రుడు మైక్ విలియమ్స్! డిసెంబరులో పురపాలకులు హికాక్‌ను పనినుంచి తొలగించినారు.

నేటి మోంటానా రాష్ట్రంలోని బానాక్ ఊరికి 1863లో షెరీఫ్‌గా ఎన్నికైన హెన్రీ ప్లమర్ కథ ఇంకా భయంకరమైనది. దారిదోపిడి ముఠాకు అతడే నాయకుడనే ఆరోపణపై 1864 జనవరి 10న పౌరులు కొందరు న్యాయస్థాన విచారణ లేకుండానే అతనిని ఉరితీసినారు. అతడు నిజంగా దోషియా అన్నది నేటికీ వివాదమే. రక్షకుడెవరో భక్షకుడెవరో తేలని ఇట్టి లోకంలోనుంచే ఆ చీకటి కథలు పుట్టినవి.

రెండవ కారణం అవి వేసే ప్రశ్న. ఎల్మోర్ లెనార్డ్ 1953లో వ్రాసిన కథలో ఒక డెప్యూటీ మార్షల్ ఖైదీని యూమా జైలుకు పోయే రైలెక్కించాలి. బయట ఖైదీ అనుచరులు కాచుకొని ఉన్నారు. అతని జీతం నెలకు 150 డాలర్లు. ఆ జీతానికి ప్రాణమిస్తావా అన్నదే కథలోని బిగువు.

జాన్ కనింగ్‌హామ్ 1947లో ప్రకటించిన ‘రేకు నక్షత్రం’ కథలో షెరీఫ్ ముసలివాడు. కీళ్ళవాపుతో చేతులు వంగవు. తాను జైలుకు పంపినవాడు పగతో తిరిగి వస్తున్నాడు. షెరీఫ్ మరణిస్తాడు, ఉద్యోగం మానుకోదలచిన యువ సహాయకుడు ఆ బరువును తలకెత్తుకొంటాడు.

ఈ కథ ఆధారంగానే 1952లో ‘హై నూన్’ చిత్రం వచ్చినది. అందులో ఊరివారు తలకొక సాకు చెప్పి తప్పుకొంటారు. దానిని రచించిన కార్ల్ ఫోర్‌మన్‌ను, చిత్రనిర్మాణం జరుగుతుండగానే, 1951లో కమ్యూనిస్టులను వెదికే అమెరికా ప్రతినిధుల సభ సంఘం విచారణకు పిలిచినది. స్నేహితులు దూరమైనారు. తన చుట్టూ జరుగుతున్నదే ఆయన ఆ ఊరి కథలో చూపినాడు. సరిహద్దు కథ సరిహద్దు దాటి బ్రతకటంలోని రహస్యమిదే.

రేకు బిళ్ళకు తనంతట బలం లేదు. దానిని ధరించినవాడు తట్టినప్పుడు ఎన్ని తలుపులు తెరుచుకొంటే అంత బలం. అందుచేత ఈ కథలు చదివినవాడు షెరీఫ్ ఏమి చేసినాడో తెలుసుకొని ఊరుకోలేడు. మూసిన తలుపు వెనుక తానే ఉంటే ఏమి చేసి ఉండేవాడో కూడ ఆలోచించుకోవలసి వస్తుంది.